టోపీలో మిగిలిన ఉపన్యాసం

మా అన్నయ్య థియోఫిలస్ లిడ్‌వెల్ చివరిగా చేసిన పని, వంటమనిషి ఒనోరా ఉత్తరం మీద సంతకం పెట్టడం. డబ్లిన్ పార్లమెంటు సభ్యుడి సంతకం ఉంటే ఉత్తరానికి తపాలా ఖర్చుండదు. అందుకని మా ఊరు బాలీక్లూన్‌లో రాయడం వచ్చినవాళ్లూ, రానివాళ్లూ పొద్దున్నే మా గుమ్మంలో ఉండేవాళ్లు.

ఒనోరా ఉత్తరం దిండులా ఉంది.

"ఏముందే ఇందులో?"

"మాటలేనండి దొరగారూ. కార్క్‌లో మా అక్క కొడుక్కి."

"మాటలకి ఉన్ని పోగులు వేలాడుతున్నాయేం?"

"చలికాలపు మాటలు కదండీ."

నవ్వి సంతకం చేశాడు. కళ్లద్దాలు తీసి నిప్పు దగ్గర కూర్చున్నాడు. టీ చల్లారకముందే పోయాడు.

పంతొమ్మిదేళ్లు సభలో కూర్చున్నాడు. అతన్ని పంపిన ఓటర్లు పదకొండు మంది. వాళ్లలో ఇద్దరికి తామెవరిని పంపారో గుర్తుండేది కాదు. అందుకు వాళ్లననడానికి లేదు, అన్నయ్య అక్కడ ఒక్కసారే నోరు విప్పాడు.

అది ఆథ్‌మోర్ రేవు కోసం. అక్కడ మనిషైనా బండైనా నీళ్లలో దిగే నది దాటాలి. మా బండి తోలే మర్టా తమ్ముడు, వెన్న పీపాలతో సంత నుంచి వస్తూ బండితో సహా అక్కడే కొట్టుకుపోయాడు. శవాన్ని ఒడ్డుకు చేర్చినవాళ్లలో అన్నయ్యా ఉన్నాడు. అప్పటినుంచి వంతెన, వంతెన అని ఒకటే పట్టు.

ఒకరోజు మర్టా నా దగ్గరికొచ్చాడు.

"అమ్మగారూ, దొరగారు వారం రోజులుగా కొట్టంలో ఆవులకి వంతెన గురించి చెబుతున్నారండి. పాలు తగ్గాయి."

"ఆవులేమంటున్నాయి?"

"ఎదురు చెప్పడం లేదండి." వెళ్లబోతూ, "మా తమ్ముడి పేరు కూడా చెబుతున్నారు," అన్నాడు.

ఆ చలికాలం నేనూ డబ్లిన్ వెళ్లి, సభలో ఆడవాళ్లు కూర్చునే మేడ మీద నుంచి చూశాను. అన్నయ్య లేచాడు. నిద్రపోతున్నవాళ్లను పక్కవాళ్లు తట్టి లేపారు. సభలో మాట్లాడేవాడు టోపీ తీసి మాట్లాడాలి. అప్పటిదాకా ఆ అవసరం ఎన్నడూ రాలేదు కనుక, అన్నయ్య ఉపన్యాసమంతా కాగితం మీద రాసుకుని టోపీ లోపల అంటించుకున్నాడు. టోపీ తీశాడు. వెనక బల్ల మీద పెట్టాడు. మర్యాదగా వంగి నమస్కరించాడు. ఈలోగా పది మణుగుల పెద్దమనిషి ఒకాయన ఆలస్యంగా వచ్చి దాని మీద కూర్చున్నాడు.

అన్నయ్య వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు.

"అధ్యక్షా," అన్నాడు, "నా టోపీ."

సభ పావుగంట నవ్వింది. ఆ తర్వాత వేరే సంగతిలోకి వెళ్లిపోయింది.

ఊరికి తిరిగి రాగానే నేను నా స్నేహితురాలు అరమింటా పెల్‌కి నాలుగు పేజీలు రాశాను. డబ్లిన్‌లో మంత్రులూ వాళ్ల భార్యలూ టీ తాగేది ఆవిడ ఇంట్లోనే. నేను అన్నయ్యను వెక్కిరిస్తూ రాసే ఉత్తరాలన్నీ అతని సంతకంతోనే వెళ్లేవి.

"ఇంత లావుందేం? నా టోపీయేనా?"

"నీ టోపీయే అన్నయ్యా. దాని మీద కూర్చున్నాయన కూడా ఉన్నాడు, అందుకే లావు."

"రేవు పేరు రాశావా?"

"టోపీ కథలో రేవెందుకు?"

"రాయి లెటీ. మర్టా తమ్ముడి సంగతి కూడా. ఊరికే రాయి."

విసుక్కుంటూ చివర రెండు వాక్యాలు చేర్చాను.

మరుసటి ఏడు వంతెన మంజూరైంది. అంతా మంత్రులతో మాట్లాడిన మా పొరుగు ప్రభువు గొప్పతనమన్నారు. విందులో ఆయన ఆరోగ్యం కోరుతూ అన్నయ్యా గ్లాసెత్తాడు.

"చూశావా, మాట్లాడడం వచ్చినవాడు మాట్లాడితే వంతెన వస్తుంది," అన్నాను.

"అవును లెటీ," అన్నాడు. "ఆ ఆవముద్ద గిన్నె ఇలా జరుపు."

అన్నయ్య శవపేటిక ఆ వంతెన మీదుగానే వెళ్లింది. మర్టా బండి ఆపి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని తోలాడు.

నెల తర్వాత అరమింటా పరామర్శ ఉత్తరం పంపింది. దానిలో ఒక పాత చీటీ మడిచి పెట్టింది. అన్నయ్య దస్తూరీ. తారీఖు, నేను ఆ నాలుగు పేజీలు రాసిన రోజుది.

"అరమింటా గారికి, మా చెల్లెలి ఉత్తరం కూడా ఈ చీటీతోపాటే మీకు చేరుతుంది. మీ టీ బల్ల దగ్గర అందరికీ చదివి వినిపించండి. నాకంటే బాగా చెబుతుంది. ఎంతైనా నవ్వుకోండి. చివరి రెండు వాక్యాలు మాత్రం వదిలేయకండి."