కూలర్ అడుగున ఉండిపోయిన కవర్

ఇంకా కంగారులోనే టైప్ చేస్తున్నాను, అక్షరదోషాలుంటే మన్నించండి.

నెలల తరబడి ఒక్కో పార్టూ తెప్పించుకుని, ఈ రోజు పొద్దున జనగామలో మా ఇంట్లోనే గేమింగ్ కంప్యూటర్ సొంతంగా బిగించాను. అమ్మ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టింది. గేమ్ మొదలుపెట్టానో లేదో, ప్రాసెసర్ వేడి ఎనభై, తొంభై, తొంభై ఎనిమిది డిగ్రీలు చూపించి తెర నల్లబడింది. మళ్లీ ఆన్ చేసినా అంతే. అమ్మ అప్పటికే మెయిన్ ఆపేసి, గ్యాస్ సిలిండర్‌ను వాకిట్లోకి దొర్లిస్తోంది.

భూపాలపల్లిలో ఉన్న తమ్ముడికి స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను.

"ప్రాసెసర్ మీద బిగించే కూలర్ అడుగున ప్లాస్టిక్ కవర్ ఉంటది. పీకినవా అన్నా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "నేనే వద్దన్న బిడ్డా. కొత్త సామాన్‌కు కవర్ ఎవలన్న పీక్తరా?"

నిజమే. మా ఫ్రిజ్ తలుపు మీద కవర్ ఆరేళ్లుగా అలాగే ఉంది. నేనూ ఆ ఇంటి మనిషినే కదా, ఉన్నదున్నట్టే బిగించేశాను.

కవర్ తీసి, వేడిని కూలర్‌కు చేర్చే పేస్ట్ కొత్తగా పూసి, కళ్లు మూసుకుని మెయిన్ వేశాను. ఇప్పుడు అరవై అయిదు దాటడం లేదు. అయినా ఫ్యాన్ కాస్త గట్టిగా తిరిగితే గుండె ఆగినంత పనవుతోంది. మీ ఇంట్లో ఏ వస్తువు మీద ఎన్నేళ్ల కవర్ ఉందో నిజం చెప్పండి, కాస్త ధైర్యం వస్తుంది.

సిలిండర్ లోపలికి తెస్తానంటే, "ఇయ్యాల్టికి ఆడనే ఉండనియ్" అంది అమ్మ. ఇద్దరం అటుకులు నానబెట్టుకుని తిన్నాం.