గుప్పెడు మామయ్య కొలత పట్టీ

గుప్పెడు మామయ్యకు చేతులు తప్ప వేరే కొలత తెలియదు. అవీ తన చేతులు కావు, ఎదుటివాళ్ళ చేతులు. ఆయన వంటింట్లో చెంచా ఉండేది కలపడానికి, గ్లాసు ఉండేది తాగడానికి. ఉప్పు ఎంత అంటే "అక్క గుప్పెడు". మిరియాల పొడి ఎంత అంటే "చెల్లెలి చిటికెడు". పంచదార ఎంత అంటే "మేనకోడలి దోసెళ్ళు రెండు". మాటవరసకు అనడం కాదు. ఆ అక్క, ఆ చెల్లెలు, ఆ మేనకోడలు స్వయంగా వచ్చి, చేతులు కడుక్కుని, గిన్నెలో వేస్తేనే ఆయన పొయ్యి వెలిగించేవాడు.

తమాషా ఏమిటంటే, ఆయన ముప్పై ఏళ్ళు తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఊళ్ళో త్రాసులన్నిటికీ ముద్ర వేసిన చెయ్యి ఆయనది. ఇప్పటికీ ఆయన వీధి మలుపులో కనబడితే కొట్లవాళ్ళు గబగబా త్రాసు పళ్ళాలు తుడుచుకుంటారు. అలాంటివాడి ఇంట్లో త్రాసు లేదేమని అడిగితే, "మిఠాయి కొట్టువాడు ఇంటికొచ్చి కూడా మిఠాయే తింటాడుటే?" అనేవాడు.

ఆకులు రాలే రోజులు వచ్చాయంటే ఇక ఆ ఇంట్లో సందడే సందడి. పెళ్ళీ పెటాకులూ లేని ఒంటి మనిషి, నలుగురి పని నెత్తిన వేసుకునేవాడు. గుమ్మడికాయలు కోసి జామ్ చెయ్యాలి. చలి ముదరక ముందే పచ్చి టమాటాలన్నీ దింపి ఊరబెట్టాలి. వచ్చే ఏటికి వెల్లుల్లి నాటాలి. మధ్యలో ఊలు శాలువాలు అల్లాలి.

వెల్లుల్లికి తపాలాయన జాన కావాలి. ఒక్కో రెబ్బకూ మధ్య సరిగ్గా అంతే ఎడం.

"సార్, ఇవాళ మీకు ఉత్తరాల్లేవు" అని తపాలాయన గేటు బయటినుంచే తప్పించుకోబోయేవాడు.

"ఉత్తరం ఎవడిక్కావాలయ్యా? చెయ్యి కావాలి. ఇటు రా."

పాపం, ఆ మనిషి సంచీ పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చాచి మడి పొడుగునా కొలుచుకుంటూ పోయేవాడు. వెనకాలే మామయ్య రెబ్బలు గుచ్చుకుంటూ, ఆయన కొడుకు చదువు గురించీ భార్య నడుం నొప్పి గురించీ అడుగుతూ వెళ్ళేవాడు. ఆ రోజు వీధిలో అందరి ఉత్తరాల మీదా మట్టి వేళ్ళ ముద్రలుండేవి. "ఓహో, వెల్లుల్లి నాటారన్నమాట" అనుకునేవారు జనం.

శాలువాకు పక్కింటి దర్జీ తాతయ్య మూర కావాలి. తాతయ్యకు చూపు తగ్గి మిషను మూలపడింది. ఉన్నది ఒక్కడే. అలవాటుగా టేపు మాత్రం మెడలో వేలాడుతూనే ఉండేది.

"మెడలో టేపుండగా నా మోచెయ్యి ఎందుకయ్యా నీకు?"

"టేపుకి చలెయ్యదు తాతయ్యా. శాలువా కప్పుకునేది చలేసేవాళ్ళు."

"నిన్ననేగా కొలిచాం?"

"నిన్న భోంచేసి వచ్చావు. ఇవాళ కడుపు ఖాళీ. తేడా వచ్చేస్తుంది. ముందు కూర్చుని తిను, తర్వాత కొలుద్దాం."

అలా ఒక్క శాలువా పూర్తయ్యేసరికి తాతయ్య పాతిక భోజనాలు చేసేవాడు.

మేనకోడలు ఐదేళ్ళప్పటి నుంచీ జామ్‌లో పంచదార పోస్తోంది. చేతులు పెరిగినకొద్దీ జామ్‌కు తీపి ఎక్కుతూ వచ్చింది. "పిల్ల చేతులు పెరుగుతున్నాయిరా, కొలత మార్చరా, పళ్ళు పుచ్చిపోతున్నాయి" అని ఆమె తల్లి మొత్తుకునేది. "పెరగడం ఆపమని దానికి చెప్పక్కా, నేను మాత్రం మార్చను" అనేవాడు తమ్ముడు.

అసలు చిక్కు ఆ అక్కతోనూ చెల్లెలితోనూ. వాళ్ళమ్మ కుట్టిన ఓ దుప్పటి ఎవరిదన్న దగ్గర మాట పట్టింపు వచ్చి, అక్కచెల్లెళ్ళిద్దరూ నాలుగేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. కానీ ఊరగాయలో ఉప్పూ మిరియాలూ ఒకే గడియలో పడకపోతే బూజు పడుతుందని మామయ్య తేల్చి చెప్పేశాడు. బూజుకు భయపడి ఏటా ఒక రోజు ఇద్దరూ ఆ వంటింట్లో చెరో వైపున నిలబడేవారు.

"ఒరేయ్, ఆవిడకి చెప్పు. మిరియాలు వేసేటప్పుడు మొహం అటు తిప్పుకోమను. తుమ్మిందంటే గిన్నెడూ దండగ."

"అన్నయ్యా, ఆవిడకి చెప్పు. నేను మొహం తిప్పుకుని నాలుగేళ్ళయిందని."

మామయ్య ఇద్దరికీ చెప్పేవాడు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా.

మేనకోడలు మందుల కంపెనీలో తూకాలు వేసే ఉద్యోగంలో చేరింది. పొడుల్ని గ్రాములో వెయ్యో వంతు దాకా తూచే పని. ఆకులు రాలే కాలమే దగ్గులూ జలుబుల కాలం కాబట్టి ఆమెకు సెలవు దొరకదు. రెండు దోసెళ్ళ పంచదార కోసం పని మానుకుని రావడం కష్టమైంది. అందుకని ఒక ఏడు చిన్న త్రాసు చేతిసంచీలో దాచుకుని వచ్చి, అందరి గుప్పెళ్ళూ చిటికెళ్ళూ వాళ్ళకు తెలియకుండా తూచుకుంది, జానా మూరా కొలుచుకుంది. మరుసటి ఏడు ఆ త్రాసునూ, అందంగా పటం కట్టించిన పట్టీనీ తెచ్చి మామయ్య చేతిలో పెట్టింది.

"ఇక ఎవర్నీ బతిమాలక్కర్లేదు మామయ్యా. నా రెండు దోసెళ్ళు నాలుగొందల గ్రాములు. అమ్మ గుప్పెడు నలభై ఏడు గ్రాములు. పిన్ని చిటికెడు అర గ్రాము. తపాలాయన జాన ఎనిమిదిన్నర అంగుళాలు. తాతయ్య మూర పందొమ్మిది."

మామయ్య కళ్ళజోడు పెట్టుకుని పట్టీ పైనుంచి కిందికి చదివాడు. అధికారి కదా, తప్పు కోసం వెతికాడు. దొరకలేదు.

"అక్షరాలా సరిగ్గా ఉందే బుజ్జీ" అన్నాడు. ఆమె పొంగిపోయింది.

ఆ వారమే గేటు దగ్గర దర్జీ తాతయ్య ఎదురయ్యాడు. "ఏమ్మా, ఈ ఏడు మీ మామయ్య అల్లడం మానేశాడా? పిలుపు రాలేదేం?"

"మానలేదు తాతయ్యా. మీ మూర రాసిపెట్టేశాగా! పందొమ్మిది అంగుళాలు. ఇక మీకు శ్రమ లేదు."

తాతయ్య తన చేతిని కాసేపు చూసుకున్నాడు. "పందొమ్మిదేనా" అన్నాడు. ఆమెకు తొందరపని ఉంది. నవ్వి వెళ్ళిపోయింది.

ఆకులు సగానికి పైగా రాలాక సీసాలు తీసుకెళ్దామని వచ్చింది. వంటిల్లు అద్దంలా ఉంది. జామ్ ఒక వరస, ఊరగాయ ఒక వరస, కవాతులో నిలబడినట్టున్నాయి. రుచి చూస్తే ఎక్కడా వంక లేదు.

"అరపూటలో అయిపోయిందే. పూర్వం వారం పట్టేది" అన్నాడు మామయ్య.

"మంచిదేగా మరి?"

"మంచిదే. మిగిలిన రోజులు ఏం చెయ్యాలో తోచక కిటికీలు తుడిచాను. మళ్ళీ తుడిచాను."

సీసాలు ఇంటికి తీసుకెళ్తే తల్లి వాటి వంక చూడనైనా చూడలేదు. "మీ పిన్నిని చూశావా? ఈ ఏడు దగ్గు ఎలా ఉందిట?" అని అడిగింది.

"నాకేం తెలుసు? అయినా నువ్వు ఆవిడతో మాట్లాడవుగా?"

"మాట్లాడను. చూస్తాను. ఏటా ఓ రోజు చూసేదాన్ని. ఈసారి వాడు పిలవలేదు మరి."

మేనకోడలికి గేటు దగ్గర తాతయ్య అడిగిన మాట గుర్తొచ్చింది. మర్నాడు ఎలాగో సెలవు పెట్టి, ఒక సీసా పట్టుకుని ముందు దర్జీ తాతయ్య ఇంటికే వెళ్ళింది. తాళం వేసి ఉంది. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ చెప్పింది: "పోయిన ఆదివారం కూతురొచ్చి తీసుకుపోయిందమ్మా. ఇక్కడ తనతో పనున్నవాళ్ళు ఎవరూ లేరు, వచ్చేస్తానని ఆయనే కబురు పెట్టాట్ట. పోయే ముందు మీ మామయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుచుకున్నాడు. ఏమనుకున్నాడో, మళ్ళీ దింపుకుని బండెక్కేశాడు."

పిలవకపోయినా ఆకలి తెలిసి పెట్టేవాడు పైనున్న దేవుడొక్కడే. మనుషులకు పిలుపు కావాలి. వచ్చేందుకు ఓ సాకు కావాలి. ఆ సాకును పటం కట్టించి గోడకు తగిలించింది తనే. కూతురి ఊరు పెద్ద దూరమేమీ కాదు, వెళ్ళి చూడవచ్చు. కానీ మడిచి దింపుకున్న ఆ చొక్కా చెయ్యిని ఎక్కడికి వెళ్ళి మళ్ళీ మడిపించగలదు?

ఏడుపు మొహంతోనే మామయ్య మీద విరుచుకుపడింది. "పట్టీ ఉంటే ఉంది, తాతయ్యని నువ్వెందుకు పిలవలేదు? పోయే ముందు గేటు దాకా వచ్చాట్ట, తెలుసా?"

"బండి కదిలాక చూశానే" అన్నాడు మామయ్య. తల ఎత్తలేదు. "నువ్వు అంత కష్టపడి రాసిచ్చావు. పట్టీ ఉండగా పిలిస్తే నీ లెక్క తప్పన్నట్టు కాదూ? ఏడాది ఆగి, ఏదో సాకు చూసి మెల్లిగా మొదలెడదామనుకున్నాను. ఆయన అంతలో వెళ్ళిపోతాడనుకోలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. పుట్టి బుద్ధెరిగాక తూకం విషయంలో అబద్ధం ఆడి ఎరగదు. ఇప్పుడు ఆడింది.

"నా లెక్క తప్పే మామయ్యా. ఆ త్రాసు చెడిపోయిందిట. కంపెనీలో చెప్పారు."

మామయ్య త్రాసును చేతిలోకి తీసుకుని, వెలుతురుకు పెట్టి, తిప్పి తిప్పి చూశాడు. "నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత దోషమున్న త్రాసు చూడలేదు. ఇది జనంలో ఉండకూడదు. సీలు వెయ్యాలి." నిజంగానే లక్క కరిగించి సీలు వేసి అటక మీద పడేశాడు.

పెరట్లో ఇంకా ఓ బుట్టెడు పచ్చి టమాటాలు మిగిలి ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే కబుర్లు వెళ్ళాయి. అక్క వచ్చింది, చెల్లెలు వచ్చింది. చెరో వైపున నిలబడ్డారు. అక్క ఉప్పు వేసింది.

"అన్నయ్యా, ఆవిడకి చెప్పు. అది గుప్పెడు కాదు, దోపిడీ."

"ఒరేయ్, ఆ మహాతల్లికి చెప్పు. మా అమ్మ కూడా ఇంతే వేసేదని."

"అన్నయ్యా, చెప్పు, అమ్మ ఇంతే వేసేది" అంటూ చెల్లెలు తనూ ఓ గుప్పెడు తీసి వేసి చూపించింది.

"అదా అమ్మ గుప్పెడు? ఇదీ!" అని అక్క ఇంకోటి వేసింది. మళ్ళీ వెయ్యబోతున్న చెల్లెలి మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. "ఇదేమిటే, చెయ్యి ఇలా పుల్లలా అయిపోయింది? తిండి తినడం లేదా?"

"దగ్గు అక్కా. నెల రోజులైంది."

"నెల రోజులా! నోరు పడిపోయిందా చెప్పడానికి?"

"నువ్వు మాట్లాడవుగా!"

ఇద్దరూ తిట్టుకుంటూనే చెప్పులు వేసుకుని, తిట్టుకుంటూనే ఒకే వైపు నడిచి వెళ్ళారు. మేనకోడలు గిన్నెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని, మొహం చిట్లించింది.

"మామయ్యా, ఉప్పు కషాయం! ఇది మనుషులు తినలేరు."

"తినలేరు" అన్నాడు గుప్పెడు మామయ్య పరమానందంగా. "గిన్నెడూ దండగ. రేపు మళ్ళీ మొదటినుంచీ చెయ్యాల్సిందే. వెళ్ళి ఇద్దర్నీ మళ్ళీ రమ్మను."