కర్చీఫ్ వేసిన సీటు

చిక్కబళ్ళాపురంలో అధికారుల ప్రెస్‌మీట్ అంటే ముందు వరుస కుర్చీలన్నీ పేపర్లవాళ్ళవి. మనుషులు రాకముందే వాటి మీద కర్చీఫులు, బ్యాగులు పడేవి, బస్సు కిటికీలోంచి సీటు పట్టుకున్నట్టు. నేను ఒక చిన్న వెబ్‌సైట్‌కి వార్తలు రాసేదాన్ని. బెంగళూరులో ఒక్క గదిలో ఇద్దరు ఆడవాళ్ళు నడిపే వెబ్‌సైట్ అది. నాకు కుర్చీ ఉండేది కాదు, గోడకి ఆనుకుని నిలబడి రాసుకునేదాన్ని. ఒకసారి అందరికంటే సీనియరు, పెద్ద పేపరాయన, వెనక్కి తిరిగి, "వెబ్‌సైట్ అంటే యాడుండాదమ్మా? చేత్తో పట్టుకునేదానికి కాగితమన్నా లేదే" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. అయినా వాళ్ళిచ్చిన కాఫీ మాత్రం వదల్లేదు, తాగే వచ్చాను.

ఆ రోజు పంచిన ప్రెస్‌నోట్‌లో, ఆగిపోయిన పల్లె బస్సులన్నీ మళ్ళీ తిరుగుతున్నాయని ఉంది. అందులో మా ఊరి పేరూ ఉంది. బాగేపల్లి తాలూకాలో, చింతామణికి పోయే రోడ్డు నుంచి బాగా లోపలికి ఉంటుంది మా ఊరు. అక్కడికి బస్సు రావడం లేదు. మా పక్కింటి అమ్మాయి చింతామణిలో డిగ్రీ చదువుతోంది. రోజూ తెల్లారకముందే పెద్ద రోడ్డుదాకా నడుస్తోంది. ముందురోజే వాళ్ళ నాయన మా ఇంటికొచ్చి, "ఈ నెల చూస్తానమ్మా. బస్సు రాకుంటే కాలేజీ మాన్పించేదే. చీకట్లో ఆడబిడ్డను ఎట్ల పంపేది?" అన్నాడు. చెడ్డవాడేం కాదు, భయపడ్డాడు అంతే.

మర్నాడు పేపర్లన్నిట్లో ఒకే వార్త. మా విలేకరుల వాట్సాప్ గ్రూపులో ఒకరు రాసి పెడితే మిగతావాళ్ళు తలా రెండు మాటలు మార్చి పంపేస్తారు. బస్సులు తిరుగుతున్నాయని అందరూ రాశారు, ఎక్కినవాళ్ళెవరూ లేరు. నేను మండిపడుతూ మా ఎడిటరుకు ఫోన్ చేశాను. ఆమె నా కోపాన్ని అసలు పట్టించుకోలేదు. "నువ్వు పోయి చూశావా? డిపోవాళ్ళను అడిగావా?" అంది. ఆ రెండూ లేనిదే ఆమె ఒక్క ముక్క కూడా వేయదు.

తెల్లవారుజామున ఊరి మలుపులో ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడ్డాను. పాల వ్యాను వచ్చింది. టొమాటో బాక్సుల టెంపో వచ్చింది. బస్సు మాత్రం రాలేదు. అమ్మాయిలు టార్చి వేసుకుని నడిచిపోయారు. డిపోలో అడిగితే, "లోపల దారి బాగలేదమ్మా, అందుకే పెద్ద రోడ్డులోనే బస్సు వెనక్కి తిప్పుకుంటాండారు" అన్నాడు అక్కడి ఆయన. అదే దారిలో వచ్చిన పాల వ్యాను వీడియో చూపించాను. రెండోసారి కూడా చూసి, "పైవాళ్ళకు చెప్తాలేమ్మా" అన్నాడు. అదీ రాశాను.

సాయంత్రానికి ఆ వార్త జిల్లా అంతా తిరిగింది. వెబ్‌సైట్లో ఉన్నది మన పేపర్లో ఎందుకు లేదని బెంగళూరు ఆఫీసుల నుంచి అందరికీ ఫోన్లు. ఈసారి గ్రూపులో ఎవరూ వార్త రాసి పెట్టలేదు. రెండోరోజు ఎవరికి వారు బైకులేసుకుని మా ఊరికే వచ్చారు, ఎవరికి వారు అడిగి రాసుకున్నారు. ఎన్నికలప్పుడు కూడా మా ఊరు అంతమంది విలేకరుల్ని చూడలేదు. ఆ పొద్దు నాకు కలిగిన సంబరం ఇంతా అంతా కాదు.

వారం తిరక్కుండా బస్సు ఊళ్ళోకి వచ్చింది. మొదటి ట్రిప్పుకు తోసుకుంటూ ఎక్కాను. సీనియరాయన అప్పటికే కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, తానే చూసి రాస్తాడట. సీట్లన్నీ నిండిపోయాయి, పక్కింటి అమ్మాయి పక్కన ఒక్కటి తప్ప. దాని మీద కర్చీఫ్ ఉంది.

"ఎవరికి పట్టినావమ్మా?" అన్నాడాయన.

"మా వెబ్‌సైట్ అక్కకప్పా."

ఆయన పక్కకు జరిగి నాకు దారిచ్చాడు. నవ్వుతూనే పెన్ను తీశాడు. అంతలో కిటికీ దగ్గరికి ఆ అమ్మాయి నాయన వచ్చి, కూతురి చేతికి టిఫిన్ బాక్సు అందించి, "పరీక్ష ఫీజు ఈ పొద్దే కట్టేసి రా" అన్నాడు.

ఆ మాట సీనియరాయనా రాసుకున్నాడు, నేనూ రాసుకున్నాను. నేను కూర్చుని రాసుకున్నాను.