చంద్రరావుగారి కొట్లో నక్షత్రాల వరస

మా తమ్ముడి కూతురు ఉమాశ్రీ ఒకరోజు పొద్దున్న ఆకాశంలో ఉన్న ఇరవై ఏడు నక్షత్రాలనూ కిందికి దింపి, రాజమహేంద్రవరంలో ఒక మోటార్ల కొట్లో వరసగా నిలబెట్టింది. ఒకదాన్నొకటి తోసుకోకూడదనీ, పిలిచినప్పుడే ముందుకు రావాలనీ చెప్పింది. అవి బుద్ధిగా విన్నాయి.

ఇరవై ఏడు అంటే కొంచెం ఎక్కువే అయింది. ఆ కొట్లో అన్ని నక్షత్రాల వాళ్ళూ లేరు. పదో పన్నెండో ఉండి ఉంటాయి. నిలబడ్డవి కూడా అసలు నక్షత్రాలు కావు, ఆ నక్షత్రాల్లో పుట్టిన గుమాస్తాలు. నిలబెట్టిన మాట మాత్రం నిజం. మా కాన్వెంటులో అబద్ధం ఆడితే సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు. అప్పటినుంచీ నేను ఎంత అబద్ధం ఆడినా దాని కింద కాస్త నిజం పరుచుకుంటాను, మోకాళ్ళు ఒరుసుకుపోకుండా.

ఉమాశ్రీకి నలభై దాటాయి. చదువు అవగానే చంద్రరావుగారి కొట్లో బిల్లులు కొట్టడానికి చేరింది. చంద్రరావుగారు వ్యవసాయ కుటుంబంలోంచి వచ్చిన మనిషి. పొలానికి నీళ్ళు తోడే మోటార్లూ పైపులూ అమ్ముతారు. తణుకులో ఒక బ్రాంచి, పెద్దాపురంలో ఒకటి. ఉమాశ్రీ చేరిన కొత్తలో ఆ కొట్లో ఉన్న ఒక్క కంప్యూటరుకూ దుమ్ము పడకుండా జరీ అంచు కండువా కప్పేవారట. తరవాత కంప్యూటర్లు పెరిగాయి, కండువాలు చాల్లేదు, వాటి మంచీ చెడ్డా చూసే పని ఉమాశ్రీ నెత్తిన పడింది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ఉమాశ్రీ. తణుకులో నెట్ రాకపోతే ఉమాశ్రీ. చంద్రరావుగారి ఫోన్‌లో మనవరాలి ఫొటో తలకిందులుగా కనిపించినా ఉమాశ్రీయే. పైకి విసుక్కోదు. విసుగు వస్తే చున్నీ కొస వేలికి చుట్టుకుంటుంది. నేను చూశాను.

ఆమెకు ఆ కొట్లో పని నేర్పింది నాగేశ్వరి అని లెక్కలు చూసే ఆవిడ. ఉమాశ్రీ ఆవిడను అక్కా అంటుంది. మొదటి నెలలో ఉమాశ్రీ ఒకే బిల్లు ఇద్దరు రైతులకు ఇచ్చేస్తే, ఆ తప్పు తనదేనని చెప్పి తిట్లు తిన్నది నాగేశ్వరి. ఆ తరవాత రోజూ మధ్యాహ్నం ఇద్దరి క్యారేజీలూ ఒకే బల్ల మీద విప్పుకునేవారు.

కిందటేడు నాగేశ్వరి భర్త కాలవగట్టు మీద స్కూటరుతో సహా పడ్డాడు. కాల్లో రాడ్లు వేశారు. మంచం మీంచి లేవాలంటే ఒక మనిషి పట్టుకోవాలి. వాళ్ళది అమలాపురం అవతల ఊరు. రోజూ బస్సులో వచ్చిపోయే ఆవిడ సెలవు పెట్టింది. సెలవు అయిపోయింది, మళ్ళీ పెట్టింది, అదీ అయిపోవస్తోంది. చంద్రరావుగారు చెడ్డవారు కాదు. ఆసుపత్రికి వెళ్ళి పళ్ళు ఇచ్చి వచ్చారు కూడా. అయినా కొట్లో లెక్కలు పేరుకుపోతున్నాయి, జీఎస్టీ వాళ్ళు ఆగరు. వచ్చే నెల నుంచి ఆ సీట్లోకి కొత్త మనిషిని పెట్టుకుంటానని ఆయన ఉమాశ్రీతో చెప్పారు. అక్కయ్య ఇంట్లో కూర్చుని చేస్తుందండీ అని ఉమాశ్రీ అంటే ఒప్పుకోలేదు. కొట్టు లెక్కలు కొట్టు గడప దాటకూడదన్నది వాళ్ళ నాన్నగారి నాటి నుంచీ ఉన్న కట్టడి.

అప్పుడు ఉమాశ్రీ క్లౌడ్ డెస్క్‌టాప్ సంగతి ఎత్తింది. అదను కూడా కలిసొచ్చింది. అంతకుముందే వానలకు డ్రైనేజీ నీళ్ళు కొట్లోకి వచ్చి, బల్లల కింద ఉన్న సీపీయూలన్నీ మునిగాయి. ఒకదాన్ని విప్పితే మట్టగిడస బయటికి దూకిందని నేను చెబుతుంటాను. కప్పేనని ఉమాశ్రీ వాదన. ఏదో ఒకటి దూకింది.

చంద్రరావుగారికి ఆమె ఇలా చెప్పిందట: ఇకనుంచి అసలు కంప్యూటరు మన బల్ల మీద ఉండదు. ముంబైలో ఒక పెద్ద భవనంలో, అద్దెకు తీసుకున్న మెషిన్లో ఉంటుంది. మనకు ఇక్కడ తెర మీద కనబడేది దాని బొమ్మ మాత్రమే. మనం ఇక్కడ మీట నొక్కితే పని అక్కడ జరుగుతుంది. నాగేశ్వరక్క ఇంటికి వెళ్ళేదీ ఆ బొమ్మే, లెక్కలు కావు. ఆమె అక్కడ పెన్‌డ్రైవ్ పెట్టినా ఒక్క అంకె దిగదు.

చంద్రరావుగారికి ఒక సందేహం వచ్చింది.

"అంటే మన లెక్కలు బొంబాయిలో ఉంటాయన్నమాట. ఇక్కడ ముంచితే మన గోదారే కదా అని సరిపెట్టుకుంటాం. అక్కడ సముద్రం ముంచితే ఎవరిని అడగాలమ్మా?"

"ఇంకో ఊళ్ళో నకలు ఉంటుందండి. రెండూ ఒకేసారి మునగవు."

"సరే. ముందు కొద్దిమందితో చూడు."

అలా కొద్దిమందితో చూడడాన్నే పైలట్ అంటారు. దానికి చంద్రరావుగారు రెండు షరతులు పెట్టారు. మంచి ముహూర్తానికి అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి. అది నడిస్తే నాగేశ్వరి ఇంటినుంచే పని చేసుకోవచ్చు, సీటు ఆవిడదే. నడవకపోతే ఒకటో తారీకున కొత్త మనిషి వస్తాడు.

ఉమాశ్రీ పనిలోకి దిగింది. ఒక్కొక్కరికి ఒక డెస్క్‌టాప్ తయారు చేసింది. పాత బిల్లుల ప్రోగ్రాము ముంబైలో మొదట మొరాయించింది. పెద్దాపురంలో కొట్టిన బిల్లు తణుకు ప్రింటర్‌లో వచ్చేది, తణుకు మేనేజరు శశిభూషణ్ అది తన బిల్లేనని పైపులు లారీకెత్తించబోయాడు. అన్నీ సరిచేసింది. నాగేశ్వరి ఇంటికి చిన్న డబ్బా, తెర, కీబోర్డు పంపింది. ఒక్కొక్కరి చేతా విడివిడిగా లాగిన్ చేయించి చూసింది. ఎవరిది వారికి టక్కున తెరుచుకుంది.

ముహూర్తం రోజు పురోహితులు సూర్యనారాయణమూర్తిగారు వచ్చారు. తెరలకు పసుపు పూసి బొట్లు పెట్టారు. చంద్రరావుగారు కొబ్బరికాయ కొట్టారు. నాగేశ్వరి వీడియో కాల్‌లో ఉంది. ఆ ఫోన్‌ను పసుపు వినాయకుడి పక్కన నిలబెట్టారు. ఇంట్లోనే ఉన్నా ఆవిడ పట్టుచీర కట్టుకుంది. వెనక మంచం మీంచి ఆవిడ భర్త మెడ చాచి చూస్తున్నాడు. తణుకు వాళ్ళూ పెద్దాపురం వాళ్ళూ ఫోన్ చెవిన పెట్టుకుని మీట మీద వేలు పెట్టుకున్నారు. మూర్తిగారు మంత్రం చదివి చెయ్యి దించారు. అందరూ ఒక్కసారి నొక్కారు.

తెర మీద చిన్న చక్రం తిరగసాగింది. అందరి తెరల మీదా తిరిగింది. తిరుగుతూనే ఉంది. కొందరి తెరలు నల్లబడ్డాయి, కొందరివి క్షమించమని ఇంగ్లీషులో రాసి చూపించాయి. నాగేశ్వరి తన చక్రాన్ని చూస్తూ రెప్ప వెయ్యలేదు. కొట్లో కర్పూరం వాసన ఒక్కటే ఉంది.

చంద్రరావుగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"వద్దమ్మా ఉమాశ్రీ. ముహూర్తానికే ఆగిపోయింది. మనకి అచ్చిరాదు. కట్టేయమను."

ఫోన్‌లోంచి నాగేశ్వరి, "పర్లేదు ఉమా, నువ్వేం చేస్తావు, పొయ్యి మీద పప్పుంది, చూసుకోవాలి," అని కాల్ ఆపేసింది. ఉమాశ్రీ చున్నీ కొస వేలికి చుట్టుకుంది. వేలు ఎర్రబడింది.

అందరూ కట్టేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళాక గోడౌన్ బుజ్జిబాబు వచ్చాడు. కూతురి పెళ్ళి కూడా చేసిన మనిషి, అయినా ప్రసాదం దగ్గర చిన్నపిల్లాడే. ముహూర్తం వేళ కొబ్బరిముక్కలు పంచుతూ, ఎక్కువగా తనకే పంచుకుంటూ, మీట నొక్కడం మర్చిపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చి కూర్చుని నొక్కాడు. వెంటనే తెరుచుకుంది. "నాది వచ్చిందండీ," అన్నాడు, ఇంకో కొబ్బరిముక్క నోట్లో వేసుకుంటూ.

ఉమాశ్రీకి సంగతి అర్థమయింది. నాకు తరవాత పెళ్ళి భోజనాల లెక్కలో చెప్పింది. బంతిలో అందరూ ఒకేసారి కూర్చున్నారు, వడ్డించేవాడు ఒక్కడు. అందరూ ఒకేసారి అన్నం అన్నం అంటే వాడు ఏ విస్తరికీ వెళ్ళలేక నడిమధ్య గంగాళం పట్టుకుని నిలబడిపోయాడు. ముంబైలో డెస్క్‌టాప్‌లను తెరిచే మెషినుకూ అదే గతి పట్టింది. మామూలు రోజుల్లో ఏ ఆఫీసులోనూ అందరూ ఒకే క్షణంలో మీట నొక్కరు. ఒకరు టీ తాగి వస్తారు, ఒకరు బస్సు దిగి వస్తారు. అందరి చేతా ఒకే రెప్పపాటులో నొక్కించేది ముహూర్తం ఒక్కటే. ముంబైలో ఆ మెషిన్లు పెట్టినవాళ్ళు పంచాంగం చూసి ఉండరు.

చంద్రరావుగారికి ఈ మాట చెబితే ఆయన వినిపించుకోలేదు. ముహూర్తం దాటాక ఒకరి తరవాత ఒకరు మొదలుపెడితే అది శుభారంభం ఎలా అవుతుందన్నారు. ఆయనతో వాదించి గెలిచిన మనిషి గోదావరి రెండు గట్ల మీదా లేడు. అందుకని ఉమాశ్రీ తిన్నగా మూర్తిగారి ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని స్కూటరు ప్లగ్గు గీకుతున్నారు.

అందరూ ఒకే క్షణంలో నొక్కాలని శాస్త్రంలో ఉందా అని అడిగింది. ఆయన ప్లగ్గు పక్కన పెట్టి, లేదన్నారు. లగ్నం దగ్గర దగ్గర రెండు గంటలు ఉంటుంది. అందులో ఘడియ చూసి పెట్టేది యజమానికి. మిగతావాళ్ళు లగ్నం లోపల ఎప్పుడు మొదలుపెట్టినా దోషం లేదు.

"అయితే ఒక్కొక్కరినే పిలవచ్చా బాబాయిగారూ?"

"పిలవచ్చు. కానీ వరస దగ్గర గొడవొస్తుందమ్మా. జీతాన్ని బట్టి పిలిస్తే చిన్నవాళ్ళు మొహం మాడ్చుకుంటారు. వయసును బట్టి పిలుద్దామంటే ఎవరూ నిజం చెప్పరు. నక్షత్రాన్ని బట్టి పిలువు. దేవుడిచ్చిన వరస కనక ఎవరూ కిక్కురుమనరు."

ఆ మాట మూర్తిగారి నోట వినేసరికి చంద్రరావుగారు మెత్తబడ్డారు. ఒకటో తారీకు లోపల మంచి లగ్నం ఇంకొకటే ఉంది. అదీ తప్పితే లేదని మూర్తిగారు చెప్పారు.

ఆ రోజు కొట్లో జరిగింది చూడడానికి టికెట్టు పెట్టవచ్చు. ముందు యజమాని నొక్కారు, తెరుచుకుంది. అశ్విని అని పిలిస్తే ఎవరు లేచారనుకున్నారు, గోడౌన్ బుజ్జిబాబు. ఛాతీ విరుచుకుని వెళ్ళి మేనేజర్లకంటే ముందు నొక్కాడు. తణుకు నుంచి శశిభూషణ్ ఫోన్‌లో గొణిగాడు, తనది మఖ, చాలాసేపు ఆగాలి. శ్యాంబాబు చర్చికి వెళ్ళే మనిషి, నక్షత్రం తెలియదు. మూర్తిగారు పేరును బట్టి ఒకటి ఇచ్చారు. శ్యాంబాబు అది పుచ్చుకుని, ఆమెన్ అనుకుని నొక్కాడు. రోహిణి తెరుచుకుంది. పుష్యమి తెరుచుకుంది. మఖ తెరుచుకుంది, గొణుగుడు ఆగింది. ఒకరిది పూర్తిగా తెరుచుకున్నాకే ఉమాశ్రీ ఇంకొకరిని పిలిచింది.

నాగేశ్వరిది రేవతి. అందరికంటే ఆఖరు.

ఈసారి వీడియో కాల్‌లో ఆవిడ పట్టుచీర కట్టుకోలేదు. పిలిచారు. నొక్కింది. చక్రం ఒకసారి తిరిగి, కొట్లో ఆవిడ రోజూ చూసుకున్న ఆ తెరే కోనసీమలో ఆవిడ ఇంట్లో తెరుచుకుంది. చంద్రరావుగారు ఫోన్ దగ్గరికి వంగి, తణుకు రైతు ఒకాయనకు అయిదు హార్స్‌పవర్ మోటారు బిల్లు కొట్టమన్నారు. ఆవిడ కొట్టడం మొదలుపెట్టింది. సగంలో ఉండగా తెర నల్లబడింది. ఆవిడ ముఖం కూడా చీకట్లో పడింది.

"కరెంటు పోయిందండీ," అంది నాగేశ్వరి.

చంద్రరావుగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఉమాశ్రీ మాత్రం ఆయన ముందు నుంచి కదల్లేదు. "కూర్చోండి, కరెంటు రానివ్వండి," అంది. ఎవరూ కదల్లేదు. టీ వచ్చింది, చల్లారింది. అక్కడ ఆవిడ భర్త లైన్‌మన్‌కు ఫోన్ చేసి బతిమాలుతున్నట్టు వినిపిస్తోంది.

కరెంటు వచ్చింది. నాగేశ్వరి మళ్ళీ లాగిన్ అయి, ఫోన్‌ను తెర వైపు తిప్పింది. రైతు పేరు ఉంది, ఊరి పేరు సగం వరకు ఉంది, ఆగిన అక్షరం పక్కన గీత మినుకుమినుకుమంటూ ఉంది. కరెంటు పోయింది ఆవిడ ఇంట్లో, బిల్లు ఉన్నది ముంబైలో. దానికి ఈ సంగతి తెలియనే తెలియదు.

చంద్రరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, ఫోన్‌లో ఆవిడ తెరనే చూస్తూ కూర్చున్నారు.

"నాగేశ్వరీ, ఆ బిల్లు పూర్తి చెయ్యమ్మా. రేపు కూడా అక్కణ్ణించే కూర్చో. కొత్తాయన్ని రావద్దని చెబుతాను."

ఆవిడ సరేనండీ అంది. తరవాత కాసేపు టైపు చేసిన చప్పుడే వినిపించింది.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం ఉమాశ్రీ మా ఇంటికి వస్తే చదివి వినిపించాను. చివరిదాకా విని, కాగితాలు నా చేతిలోంచి తీసుకుని బల్ల మీద బోర్లించింది.

"ఇందులో ఒక్కటీ జరగలేదు పెదనాన్నా. వరసా లేదు, నక్షత్రాలూ లేవు. రెండోసారి ముంబైలో మెషిన్లన్నీ ముందే ఆన్ చేసి పెట్టాను, తెరుచుకున్నాయి. మూర్తిగారు అసలు ఆ రోజు ఊళ్ళోనే లేరు. అక్క సీటు నేనేం నిలబెట్టలేదు. ఆవిడ రాసిన లెక్కలు ఇంకొకళ్ళకి అర్థం కావు, అందుకని చంద్రరావుగారే ఉంచుకున్నారు. నేను ఏమీ చెయ్యలేదు."