మామిడి తొక్కల మేత

కాశయ్య నడుం పడిపోయి మంచం పట్టిన దగ్గర్నుంచి ఇరవై ఆరు గొర్రెల మందను అతని భార్య సీతాలే తోలుతోంది. ఒడిశాలోని పాత్రపూర్ పక్కన వాళ్ళ ఊరు. ఆ ఎండాకాలం మేత అన్నది లేకుండా పోయింది. కొండవార బీడుకి కంచె కట్టి సరుగుడు నాటేశారు. గొర్రెలు ఖాళీ సిమెంటు సంచులు నములుతుంటే చూడలేక, సీతాలు గిరిసోల దారిలోని మామిడిరసం ఫ్యాక్టరీకి వెళ్ళి కావలి కాసే అప్పలరాజుని అడిగింది.

"తొక్కలా? పారబోసేవే పిన్నీ. పట్టుకెల్లు," అన్నాడతను.

ఆటో నిండా తెచ్చి దొడ్లో గుమ్మరించింది. ఎగబడి తిన్నాయి. కడుపు నిండి ఎన్నాళ్ళయిందో, తిననీ అనుకుని ఆపలేదు.

తెల్లారేసరికి సగం మంద లేవలేదు. డొక్కలు ఉబ్బాయి. పుల్లటి వాసనతో నీళ్ళలా పారుకుంటున్నాయి. పశువుల డాక్టరు హేమచంద్రకి ఫోన్ చేస్తే దూరంగా రంభ అనే ఊళ్ళో ఉన్నానన్నాడు.

"ఎంత పెట్టావమ్మా?"

"తిన్నంత బాబూ."

"అలవాటు లేని తీపి ఒక్కసారే పడితే కడుపులో పులిసి విషమైపోద్ది. తినేసోడా నీళ్ళలో కలిపి తాగించు. నేను మధ్యాహ్నానికి వస్తాను."

కొట్లో రెండు పొట్లాలే దొరికాయి. ఇల్లిల్లూ తిరిగితే ఇంకో గుప్పెడు. అది పదిహేనింటికి మించి రాదు. సీసా చేత్తో పట్టుకుని సీతాలు దొడ్డి మధ్యలో నిలబడిపోయింది. చివరికి ఇంకా నిలబడగలిగినవాటి నోళ్ళు పట్టి తాగించింది. మందకి ముందు నడిచే బొల్లి గొర్రె మెడ వాల్చేసి పళ్ళు కొరుకుతోంది. దాన్ని దాటి వెళ్ళింది. అది కళ్ళతో ఆమెనే వెంబడించింది.

"బొల్లికి తాగించినావా?" మంచం మీంచి కాశయ్య అడిగాడు.

"తాగించినాను."

డాక్టరు వచ్చేలోగా బొల్లి పోయింది. ఆయన సూదులు వేసినా, సాయంత్రానికి మొత్తం పదకొండు పోయాయి. గొయ్యి తవ్వి సున్నం జల్లి పూడ్చారు. సీతాలుకి ఏడుపు రాలేదు.

పది రోజులు గడిచినా వాన లేదు. మిగిలినవాటి ఎముకలు తేలాయి. ఆమె మళ్ళీ ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళింది.

"మళ్ళీ అవే ఏటికి పిన్నీ?" అప్పలరాజు తెల్లబోయాడు.

"మరేటి పెట్టమంటావు, సెప్పు."

ఆ రోజు డాక్టరు వెళ్తూ చెప్పినట్టే తొక్కల్ని బండల మీద ఎండబెట్టింది. పాక కప్పు గడ్డి పీకి తరిగి, తలకి గుప్పెడంటే గుప్పెడే కలిపి పెట్టింది. మొదటిరోజు గొర్రెలు నోరు పెట్టగానే ఆమె వాటి మధ్యకి వెళ్ళింది. ఒక్కొక్కదాని డొక్క మీద చెయ్యి వేసి కూర్చుంది.

"తింటన్నాయా?" లోపల్నుంచి కాశయ్య అడిగాడు.

"తింటన్నాయి."

"బొల్లికి నువ్వు తాగించనేదు కదా."

సీతాలు పక్క గొర్రె డొక్క మీదికి చెయ్యి మార్చింది. అతను మళ్ళీ అడగలేదు. వాన పడేలోగా ఇంకొకటి పోయి, పద్నాలుగు మిగిలాయి.