ఆమె పక్కన చోటు

మావాడు బతికుండగానే తన సమాధి తానే కట్టించుకున్నాడన్న సంగతి నాకు సైకిలు చైను ఊడినచోట తెలిసింది. నరసరావుపేట దాటి వినుకొండ దారిలో రోడ్డు పక్కన కూర్చుని నేను చైను ఎక్కిస్తుంటే, వాడు నీళ్ళసీసా మూత తిప్పుతూ, "రేపు పొద్దున మా అత్తగారి ఊళ్ళో నా చోటు చూపిస్తా. ఇటుకలతో బ్రహ్మాండంగా కట్టించాను" అన్నాడు. అక్కడ ఏదో స్థలం కొన్నాడనుకుని ఎన్ని సెంట్లని అడిగాను.

"ఆరడుగులు" అన్నాడు.

చైను మళ్ళీ జారిపోయింది. ఇన్నేళ్ళ స్నేహంలో వాడు నన్ను ఇంతగా అదరగొట్టింది లేదు. వాడు డ్రాయింగు మాస్టారుగా, నేను కరెంటాఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాం. ఇద్దరికీ షుగరొచ్చింది, డాక్టరు సైకిలు తొక్కమన్నాడు, తొక్కుతున్నాం. పాత చర్చీలు చూస్తూ గుంటూరు నుంచి రెండు రోజులు సైకిళ్ళ మీద పోదామన్న ఆలోచన వాడిదే. బొమ్మలేసుకుంటాడు కాబోలనుకుని, మా ఇంట్లో వద్దంటున్నా బయల్దేరాను. తీరా చూస్తే ఇదీ లోపలి కథ.

"నీకేం పోయేకాలంరా?" అని తిట్టాను.

వాడు తాపీగా చెప్పుకొచ్చాడు. భార్య పోయి మూడేళ్ళయింది. చిన్నప్పుడు తను పాటలు పాడిన చర్చి దగ్గరే, పుట్టింటి ఊళ్ళోనే సమాధి చెయ్యమందట. ఆస్పత్రి మంచం మీద వాడి చెయ్యి పట్టుకుని, "నన్నక్కడ ఒక్కదాన్నే పడుకోబెట్టకు" అని కూడా అందట. ఆవిడ సంగతి నాకు తెలుసు. మాట్లాడకపోతే ఆవిడకు తోచదు. కూరగాయల బండి ఆగితే అరగంట, గ్యాసు బండ తెచ్చినవాడు దొరికితే ఇంకో అరగంట. వీడు సరేనని మాటిచ్చాడు. ఆవిడను పెట్టిన కొద్ది రోజులకే పక్కన తనకని గొయ్యి తవ్వించి, లోపల ఇటుకలు పేర్పించి, సిమెంటు పూయించి, పైన కడప బండలు పరిపించాడు. ఆవిడకు ఇటుపక్క పాత సమాధులు, అటుపక్క వీడి చోటు, దాన్ని ఆనుకుని ప్రహరీ గోడ.

మాలో కాల్చి బూడిద కృష్ణలో కలుపుతారు. పోయాక ఎక్కడ పడుకోవాలన్న బెంగ మనిషికి ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు. మిగతా దారంతా వాడి వీపు చూస్తూ తొక్కాను. బాగా వెడల్పయిన వీపు. అది ఆ గోతిలో పడుతుందా అన్న పాడు ఆలోచన వచ్చి నామీద నాకే కోపమొచ్చింది.

ఆ సాయంత్రం ఆగిన చర్చి వందేళ్ళ పైచిలుకుదే అయ్యుంటుంది. మూర మందం గోడలు, రంగు అద్దాలు, ఆవరణలో విడిగా ఇనప గంట. తుఫానుకు తడిసిన పత్తిని వరండా నిండా ఆరబోశారు. తెల్లగా మెరవాల్సింది నల్లమచ్చలు పడి ఉంది. ఆడవాళ్ళు కూర్చుని ఏరుతున్నారు. మావాడు గంట బొమ్మ గీసుకున్నాడు. నేను పత్తి చూసి నిట్టూర్చాను. అంతకు మించి ఆ వాన ఏం చేసిపోయిందో అప్పటికి మా ఇద్దరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే వాడి అత్తగారి ఊరు చేరాం. చిన్న రాతి చర్చి. క్రిస్మస్ దగ్గర పడిందని గోడలకు సున్నం వేస్తున్నారు, వెదురుగడకు కాగితపు నక్షత్రం కట్టారు. వాడు హ్యాండిలుకు కట్టుకొచ్చిన చామంతుల పొట్లం విప్పుకుని, కొత్త పెళ్ళికొడుకులా ముందు నడిచాడు. చర్చి వెనక సమాధుల తోట. గోడకు అవతల మిరపచేలు.

నడుస్తున్నవాడు ఆగిపోయాడు.

వాడి చోటు మీద బండలు పక్కకు జరిపి, మళ్ళీ మూసి, సందుల్లో కొత్త సిమెంటు మెత్తారు. తలవైపు కర్ర సిలువ. ఎండిపోయిన బంతిపూల దండ. చూస్తున్నది అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. లోపల ఎవరినో పెట్టేశారు.

"ఎవర్రా ఇది?" అన్నాడు వాడు, నాకు తెలిసినట్టు.

సంఘపెద్ద చేతులకు సున్నంతోనే పరుగెత్తుకొచ్చాడు. మావాడికి వరసకు బావమరిది.

"కోప్పడకండి బావగారూ. మొన్న వానల్లో, పత్తితీతకు వచ్చిన కూలాయన పాము కరిచి పోయాడండి. వాగు పొంగింది, వాళ్ళ ఊరు తీసుకెళ్ళే దారి లేదు. నల్లరేగడి కదండీ, ఎక్కడ తవ్వినా గంటకల్లా నీళ్ళు ఊరిపోతున్నాయి. రెండు చోట్ల తవ్వాం. రెండోచోట దించిన పెట్టె పైకి తేలిందండి. ఆయన భార్య చూస్తుండగానే తేలింది. నీళ్ళు రాని గొయ్యి ఊరంతటికీ మీదొక్కటే."

"నాకో ఫోను చెయ్యొచ్చుగా?"

"టవర్లు లేవండి. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు." కాస్త ఆగి, ఓదార్పనుకుని కాబోలు, ఇంకోమాట అన్నాడు. "అయినా మీరు రోజూ సైకిలు తొక్కుతున్నారని విన్నాం. గట్టిగానే ఉన్నారు, ఇప్పుడప్పుడే రారులే అనుకున్నామండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒకరి చోటు ఇంకొకరికి ఇవ్వడానికి మీరెవరండీ? తీయించండి ముందు" అని కేకలేశాను. మావాడి చేతిలో చామంతులు అలాగే ఉన్నాయి.

నా కేకలకు గేటు దగ్గర ఒకామె ఆగిపోయింది. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. కొంగు నిండా దూది పోగులు. ఆ కూలాయన భార్యే. చేలోకి పోతూ రోజూ సమాధి దగ్గరికి వచ్చి వెళ్తుందట. నేనన్నమాట ఆమె చెవిన పడింది.

"ఎండాకాలం నేల ఆరినాక మా ఊరు తీసుకపోతానయ్యా" అంది నన్ను చూసి. "అందాకా ఉండనీయండి."

సిగ్గుతో నేను తల దించుకున్నాను. మావాడు మాత్రం ఆమెనూ, గోడనూ, తన భార్య సమాధినీ మార్చి మార్చి చూశాడు.

"ఇక్కడే ఉంచితే ఆయన పక్కన నీకు చోటుండదు కదమ్మా" అన్నాడు.

"నాకేముందిలే అయ్యా. ఆయన తడవకుండా ఉంటే చాలు."

వాడు వంగి చామంతులు భార్య సమాధి మీద పెట్టాడు. లేస్తూ పక్క బండను అరచేత్తో రెండుసార్లు తట్టాడు. "తీయొద్దమ్మా. ఇటుకలు గట్టివి, నేనే దగ్గరుండి కట్టించాను" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో రెండు ఊళ్ళు దాటాక టీకొట్టు దగ్గర ఆగాం. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక, "పాపం, ఆ కూలాయనకు నిద్ర ఉండదురా. మా ఆవిడ కబుర్లు చెబుతూనే ఉంటుంది" అన్నాడు.

నేను నవ్వేశాను. వాడు నవ్వలేదు.

"ఒక్కదాన్నే పడుకోబెట్టకు అంది. సరే, ఇప్పుడు ఒంటరిగా లేదు. మరి నన్నెక్కడ పడుకోబెడతార్రా?"