డాక్టర్ గారు గారి చిరునామా

ఆ రోజుల్లో పరిశోధన చెయ్యడం కష్టం కాదు, దాన్ని అచ్చువేసే జర్నల్ దొరకడమే కష్టం అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను గాని, అప్పట్లో పైకి అనే ధైర్యం ఉండేది కాదు. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు మా గోదావరి వైపు. నేను తినడం పక్కనపెట్టి, రాజమండ్రిలో దాని మీద పీహెచ్‌డీ మొదలుపెట్టాను. మంచి జర్నల్లో ఒక్క పేపరైనా వస్తేగాని థీసిస్ తీసుకోరు. మా గైడు మాస్టారికేమో ఆ వేసవిలోనే రిటైర్మెంటు. ఈలోగా పేపరు రాకపోతే కొత్త గైడుని వెతుక్కుని, బహుశా కొత్త చేపతో, మళ్ళీ మొదటికి రావాలి. "మహా పండితులైన మీకు" అంటూ రోజూ ఈమెయిళ్ళు పంపే జర్నళ్ళు బోలెడుండేవి (మా ఇంట్లో కూడా నన్నెవరూ అలా అనలేదు). అవి చూపిస్తే మాస్టారు, "పిలిచి పీట వేసేది జర్నల్ కాదమ్మా. మనం వెళ్తే గుమ్మంలో నిలబెట్టేదే అసలుది" అన్నారు.

చివరికి అలా గుమ్మంలో నిలబెట్టే విదేశీ జర్నల్ ఒకటి దొరికింది. రిఫరెన్సులన్నీ వాళ్ళ పద్ధతిలోనే ఉండాలి: ముందు ఇంటిపేరు, కామా, తర్వాత పొడి అక్షరం, చుక్క. నా చిత్తుప్రతి చూసి మాస్టారు చిన్నబుచ్చుకున్నారు. "ఈయన మా గురువుగారమ్మా. ఉత్తి పేరు రాసేశావేంటి?" నిజమే కదా అనిపించింది. ఒక్కరికే పెడితే మిగతావాళ్ళు ఏమనుకుంటారోనని, మన పెద్దలందరి పేర్ల చివరా ఓపిగ్గా 'గారు' చేర్చి, మిగతా పని సాఫ్ట్‌వేర్‌కి వదిలేశాను. పేరులో ఆఖరి మాటే ఇంటిపేరని దాని నమ్మకం. నేను చుక్కలూ కామాలూ మాత్రం సరిచూసుకుని పంపేశాను.

కొన్నాళ్ళకి సంపాదకుడి జవాబు వచ్చింది. "మీరు ఎక్కువగా గారు అనే శాస్త్రవేత్త మీదే ఆధారపడ్డారు. పులస విషయంలో వారే ప్రామాణికులని అర్థమైంది. మీ పేపరును వారికే పరిశీలనకు పంపదలిచాం. డాక్టర్ గారు చిరునామా తెలపగలరు." జాబితా తెరిస్తే గారు, ఎస్.; గారు, వి.; గారు, కె. ఒకే ఇంటివాళ్ళు తరతరాలుగా పులసల మీదే బతికినట్టుంది! నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. వేసవి నెత్తిమీదికొచ్చేసింది, నా పేపరేమో లేని మనిషి కోసం ఆగిపోయింది.

"ఇప్పుడేం చెయ్యమంటారండీ?" అన్నాను మాస్టారి ఎదుట నిలబడి.

"ఉన్నమాట రాసెయ్యమ్మా. గారు అంటే మనిషి కాదు, మర్యాద అని."

అలాగే రాశాను. "అయితే మర్యాద తీసేసి పంపండి" అని ఒక్క వాక్యం వచ్చింది. ఒక్కొక్క పేరు దగ్గరా 'క్షమించండి' అని గొణుక్కుంటూ తీసేశాను.

పేపరు మాస్టారి రిటైర్మెంటుకి ముందే వచ్చింది (ఎంత ముందంటే, సన్మానం దండలు అప్పటికే తెచ్చేశారు). అచ్చు కాగితాలు ఆయన చేతికిచ్చి, గురువుగారి పేరు చూసి ఏమంటారోనని బెదురుగా నిలబడ్డాను. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని జాబితా పైకి చదివారు. "సుబ్బారావు గారు... మూర్తి గారు..." కాగితం మీద లేని మాటని ప్రతి పేరుకీ తానే చేర్చుకుంటూ, ఎక్కడా తడుముకోకుండా చివరిదాకా చదివారు. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇప్పుడు నేనూ గైడునే. పిల్లల రిఫరెన్సుల్లో నా పేరు ఉత్తిగానే ఉంటుంది, పద్ధతి ప్రకారం అదే ఒప్పు. కాకపోతే వాళ్ళు జాబితా పైకి చదువుతుంటే, నా పేరు దగ్గరికొచ్చేసరికి వెర్రిదానిలా ఒక్క క్షణం చెవులు రిక్కిస్తాను.